పాలరంగు రాని పిన్ను

జూన్ 2, సోమవారం

ఈ డైరీ జనవరిలో ఎవరో కెమికల్స్ కంపెనీవాళ్ళు ఇచ్చింది. ఐదు నెలల పేజీలు ఖాళీగా పోయాయి. రాయాల్సినంత విశేషాలేమీ జరగలేదు కూడా. ఈరోజూ విశేషమేం లేదు. మధ్యాహ్నం ఒక్కదాన్నే తిన్నాను, అంతే.

తొమ్మిదేళ్ళుగా మోల్డింగ్ గది పక్కనున్న బెంచీ మీద బాబాయ్, నేను ఎదురెదురుగా కూర్చుని డబ్బాలు విప్పుకునేవాళ్ళం. నాకు సొంత బాబాయ్ ఒకాయన ఉన్నాడు, ఆయన ఇప్పుడు ఎక్కడుంటున్నాడో కూడా నాకు సరిగ్గా తెలియదు. ఈయన అచ్చుల మిషన్ నడిపే బాబాయ్. నన్ను అమ్మాయిగారూ అంటాడు. నలభై నాలుగేళ్ళదాన్ని అమ్మాయి అనే మనిషి ఇంకెవరూ మిగల్లేదు. శుక్రవారం ఆయన్ని పనిలోంచి తీసేశారు.

ప్లాస్టిక్ గింజలు ఆరబెట్టకుండా తడివే అచ్చుల్లో పోశాడట. మేము చేసేవి ఎముకలకు వేసే పిన్నులు. విరిగిన ఎముకను పట్టి ఉంచి, అది అతుక్కున్నాక ఒంట్లోనే నెమ్మదిగా కరిగిపోవాలి. మళ్ళీ కోసి తీసే పని ఉండకూడదు. కరిగిపోయేదే అయినా ఆరు నెలలు గట్టిగా నిలబడాలి. మార్చిలో పోసిన పిన్నులు ఉప్పునీటి తొట్టిలో ఆరు వారాలకే పుటుక్కుమన్నాయి. రోగుల దాకా వెళ్ళకముందే తెలిసింది కాబట్టి సరిపోయింది.

గింజల్లో తడి ఉంటే అలా అవుతుంది. పిన్ను లోపల స్ఫటికాలు తక్కువైనా అలాగే అవుతుంది. తడిని కొలిచే మిషన్ మా దగ్గర లేదు. స్ఫటికాలు కొలిచేది ల్యాబ్‌లో నేను. నా రిపోర్టులో నలభై రెండు శాతం ఉంది, కావాల్సినదానికంటే రెండు ఎక్కువే. కాబట్టి తడి. కాబట్టి బాబాయ్.

నేను ఎవరి మీదా ఏమీ చెప్పలేదు. మిషన్ ఏం చెప్పిందో అదే రాశాను.

జూన్ 3

కూర మిగిలింది.

జూన్ 5

గోడ అవతలి ఫ్లాట్లో ఉండే మనిషి మొహం నేనెప్పుడూ చూడలేదు. పొద్దున ఆరున్నరకి మూడుసార్లు తుమ్ముతాడు, అంతవరకే పరిచయం. ఈరోజు రెండుసార్లే తుమ్మాడు. మూడోదాని కోసం చెవి ఒగ్గి నిలబడితే పాలు పొంగిపోయాయి. ఎవరి తుమ్ము కోసమో నా పాలు పోగొట్టుకున్నానని బాబాయ్‌తో చెబితే పొట్ట పట్టుకుని నవ్వేవాడు. స్టవ్ తుడిచి పనికెళ్ళాను.

జూన్ 8, ఆదివారం

చెల్లి ఫోన్ చేసింది. ఆదివారం సాయంత్రం ఐదింటికి చేస్తుంది, పదకొండు నిమిషాలు మాట్లాడుతుంది. టైము చూసుకుని మాట్లాడుతుందని కాదు, మా ఇద్దరికీ అంతకన్నా మాటలు రావు.

"ఏం చేస్తున్నావక్కా?"

"బట్టలు మడతపెడుతున్నా."

"పోయిన వారం కూడా అదే చెప్పావు. ఒక్క మనిషికి అన్నేసి బట్టలేంటి?"

బాబాయ్ సంగతి చెప్పాను. ఆయన గురించి దానికి తెలుసు. నా నోట్లోంచి వచ్చే కబుర్లలో సగం ఆయనవే.

"అయ్యో. నువ్వెళ్ళి చూసొచ్చావా మరి?"

"నేనెందుకెళ్ళడం? నేనేం చేశాను?"

"నువ్వేదో చేశావని ఎవరన్నారక్కా? చూసొచ్చావా అన్నానంతే."

ఈసారి తొమ్మిది నిమిషాలకే పెట్టేసింది.

జూన్ 10

ప్యాకింగ్ చేసే ఆవిడది బాబాయ్ వాళ్ళ వీధే. చేతులు కడుక్కునే చోట కలిసింది.

"ఇంట్లో ఆవిడ మాట్లాడ్డం లేదంటండీ ఆయనతో. మార్చిలో ఒక ఆదివారం ఫ్యాక్టరీకెళ్ళి గింజలు ఆరబెట్టొస్తానని పొద్దున పోయి చీకటి పడ్డాక వచ్చాడంట. ఆ రోజే ఆవిడ చెల్లెలు ఊర్నించి దిగింది. బస్సు దగ్గరికి కూడా పోలేదు ఈయన. సర్లే, పని కదా అని ఊరుకుందంట అప్పుడు. ఇప్పుడేమో అసలు ఆరబెట్టనే లేదని ఫ్యాక్టరీవాళ్ళే అంటున్నారు కదా. మరైతే ఆ రోజంతా ఎక్కడ వెలగబెట్టావు అని పట్టుకుంది."

"వాచ్‌మన్ రాసుకోలేదా?"

"సెలవురోజు ఎవరు రాస్తారండీ పుస్తకంలో? అరవై ఏళ్ళ మనిషి మీద ఈ అనుమానమేంటో. చోద్యం కాకపోతే!"

ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత ల్యాబ్‌లోకి వచ్చి చాలాసేపు ఏ పనీ మొదలుపెట్టలేకపోయాను.

జూన్ 11

తుమ్ములు మూడు.

జూన్ 16

అచ్చుల మిషన్ మీదికి కొత్తాయన వచ్చాడు. మంచి పనివాడే. గింజలు ఒకటికి రెండుసార్లు ఆరబెట్టాడు, ప్రతిసారీ ఇద్దరితో సంతకాలు పెట్టించాడు. భోజనం మాత్రం ఫోన్‌ని గోడకి ఆనించుకుని, దాంతో కలిసి తింటాడు. బెంచీ మీద నాకు చోటిచ్చి పక్కకి జరిగాడు, మర్యాదస్తుడు.

జూన్ 18

కొత్త పిన్నులు వచ్చాయి. పొయ్యిలో పెట్టాను.

పొయ్యి అంటే మా ల్యాబ్‌లో వేడి కొలిచే మిషన్. అందులో పెట్టే చిటికెన వేలి గోరంత అల్యూమినియం గిన్నె పేరు మూకుడు. రెండు పేర్లూ బాబాయ్ పెట్టినవే. పిన్నులోంచి చిన్న ముక్క గీరి, మూకుట్లో వేసి, మూత నొక్కి నెమ్మదిగా వేడి పెంచాలి. అరవై డిగ్రీల దగ్గర ముక్క మెత్తబడుతుంది. వంద దాటాక, లోపల చెల్లాచెదురుగా పడున్న ప్లాస్టిక్ అణువుల గొలుసులకి కదిలే వీలు చిక్కి, వరసల్లోకి సర్దుకుని స్ఫటికాలవుతాయి. అప్పుడు వేడి బయటికొస్తుంది, గ్రాఫ్‌లో మూపురం లేస్తుంది. నూట డెబ్భై దగ్గర స్ఫటికాలన్నీ కరుగుతాయి. కరగడానికి వేడిని మింగుతాయి, గుంట పడుతుంది. గుంట ఎంత పెద్దదైతే స్ఫటికాలు అంత ఎక్కువ. కానీ మూపురం దగ్గర పుట్టినవి నా పొయ్యిలో పుట్టినవి, పిన్నులో ముందునుంచీ ఉన్నవి కావు. అందుకని గుంటలోంచి మూపురాన్ని తీసివేయాలి. మూడో తరగతి లెక్క.

ఇవన్నీ ఎందుకు రాస్తున్నానో. నాకు తెలిసినవే. తెలుసని గుర్తు చేసుకోవడానికేమో.

ఈరోజు గుంట ముప్పై తొమ్మిది. మూపురం ఇరవై ఎనిమిది. మిగిలింది పదకొండు. ముక్క మొత్తం స్ఫటికమే అయితే తొంభై మూడు రావాలి. ఆ లెక్కన పదకొండంటే పన్నెండు శాతం. మూపురాన్ని తీసివేయడం మర్చిపోతే ఎంతొస్తుందో కూడా వేసి చూశాను.

నలభై రెండు.

ఫిబ్రవరి నుంచి రిపోర్టులో గ్రాఫ్ నూట ముప్పై డిగ్రీల నుంచే చూపించమన్నాడు మేనేజరు. చూసే డాక్టర్లకు గందరగోళం లేకుండా గుంట ఒక్కటే కనపడాలట. నా స్క్రీన్ కూడా అలాగే పెట్టుకున్నాను. పోయిన వారం సర్వీసు మనిషి వచ్చి అమరికలన్నీ మొదటికి మార్చేసి పోయాడు, అందుకే ఈరోజు మూపురం కనపడింది. మార్చిలో నాకది కనపడలేదు. స్క్రీన్ మీద లేనిదాన్ని ఎవరు మాత్రం చూడగలరు?

జూన్ 19

మేనేజరుకి చెప్పాను. కొత్త పిన్నుల్లో స్ఫటికాలు పన్నెండు శాతమే ఉన్నాయనీ, అచ్చు మూసి ఉంచే టైము నాలుగు నిమిషాల నుంచి ఒక నిమిషానికి తగ్గించడం వల్లేననీ, మళ్ళీ నాలుగు చేయమనీ. తగ్గించింది ఆయనే, మార్చి మొదట్లో.

"మంచి పని పట్టారు మేడం. మీరు లేకపోతే ఇదీ పోయేది" అన్నాడు.

మార్చి సంగతి ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. అడిగితే చెప్పేదాన్ని.

మార్చి పిన్నుల్లో తడి కూడా ఉండి ఉండొచ్చు. స్ఫటికాలు తక్కువై ఉండొచ్చు, తడీ ఉండి ఉండొచ్చు. ఒక పాడుకి ఒకటే కారణం ఉండాలని ఎక్కడా లేదు.

జూన్ 20

రెండూ ఉండొచ్చు.

జూన్ 22, ఆదివారం

చెల్లి ఫోన్. బట్టలు మడతపెడుతున్నానని చెప్పాను. నిజానికి కుర్చీలో కూర్చుని కిటికీలోంచి ఎదురింటివాళ్ళు మంచం తోముకోవడం చూస్తున్నాను. నలుగురు మనుషులు ఒక మంచానికి. ఒకళ్ళ మీద ఒకళ్ళు నీళ్ళు చల్లుకుంటూ.

జూన్ 24

నాలుగు నిమిషాలు ఉంచి పోసిన పిన్నులు వచ్చాయి. స్ఫటికాలు నిండితే వచ్చే పాలరంగులో, వెలుతురుకు పెడితే అవతలిది కనపడకుండా, ఎప్పటిలా. పొయ్యిలో నలభై ఒకటి వచ్చింది, మూపురం పేరుకి కూడా లేదు. మేనేజరు అందరికీ టీ తెప్పించాడు. కొత్తాయన మొహం వెలిగిపోయింది. నా టీ నేను తాగాను.

సీటుకి తిరిగొచ్చాక పెన్నుల డబ్బాలో ఉన్న పిన్నుని బయటికి తీశాను. మూడు నెలలుగా అక్కడే ఉంది. మార్చి పిన్నులన్నీ పారేశారు గానీ ఇదొక్కటి నా దగ్గర మిగిలిపోయింది. గాజులా ఉంటుంది. బాబాయ్ ఇచ్చింది.

అది మార్చి పన్నెండు. ఆ మధ్యాహ్నం బెంచీ మీద ఆయన నా డబ్బాలోకి తొంగి చూసి, "ఏంటమ్మాయిగారూ, సోమవారం నుంచీ అదే కూర?" అన్నాడు. ఒక్కదానికి వండితే నాలుగు రోజులొస్తుంది బాబాయ్ అన్నాను. "అయితే తినడానికి మనుషుల్ని వెతుక్కోవాలి గానీ, కూరని పట్టుకుని కూర్చుంటే ఎలాగండీ?" అని నవ్వాడు. ఎప్పుడూ నవ్వే నవ్వే. నేను డబ్బా మూసేసి లేచి వచ్చేశాను. పాపం ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. నిజం కాబట్టే మండింది.

గంట తర్వాత ల్యాబ్ తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"కోపం తర్వాత పడుదురుగానీ, ముందిది చూడండమ్మాయిగారూ. గాజులా ఉంది. మన పిన్ను ఎప్పుడూ పాలరంగు కదా? టైము తగ్గించారు, అందుకేమో."

"రిపోర్టు వచ్చింది. నలభై రెండు."

"వచ్చే ఉంటుందండీ. కానీ ఒక్కసారి వెలుతురులో పెట్టి చూడండి. అవతల నా వేలు కనపడుతోంది."

"మీ కళ్ళకేమన్నా డిగ్రీ ఉందా బాబాయ్?"

నేను తలెత్తలేదు. ఆయన పిన్నుని నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు బెంచీ మీద మామూలుగానే కబుర్లు చెప్పాడు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, అయిపోయిందనుకున్నాను.

అయినా మూపురం స్క్రీన్ మీద లేదు. అది మాత్రం నిజం.

జూన్ 25

అది నిజం కాదు.

మార్చి ఫైలు తీశాను. స్క్రీన్ ఎలా పెట్టుకున్నా మిషన్ పక్కనున్న ప్రింటర్ మొత్తం గ్రాఫ్ వేస్తుంది. కాగితం ఫైల్లోనే ఉంది. గుంట, దానికి ఎడమవైపు మూపురం. మూపురం పక్కన పెన్సిల్‌తో నా చేతిరాత, "తీసివేయాలి" అని.

చూశాను. గుర్తు కూడా పెట్టుకున్నాను. భోజనం చేసొచ్చి లెక్క వేద్దామనుకున్నాను.

రిపోర్టు వచ్చిందని బాబాయ్‌తో అన్నప్పటికి రిపోర్టు రాలేదు. కాగితం మీద గుంట ఒక్కదానికి మిషన్ వేసిన అంకె ఉంది, కంటికి అదే ఆనింది, నోటికి అదే వచ్చింది. ఆయన నోరు మూయించడానికి అన్నాను. ఆయన వెళ్ళాక అన్న మాట మీద నిలబడాలి కదా, అదే టైపు చేశాను. తర్వాత మూడు నెలలపాటు అది మిషన్ చెప్పిందనే నమ్మాను. ఎంత బాగా నమ్మానంటే, మే నెలలో విచారణకి పిలిచి అడిగితే తడుముకోకుండా అదే చెప్పాను.

తీసివేయాల్సినదాన్ని తీసివేయలేదు. తీసేయకూడని మనిషిని తీసేశారు.

ఇంత రాశాక కూడా, ఈ కాగితం నేను తప్ప ఎవరూ చూడరు కదా అన్న ఆలోచన వచ్చింది. సిగ్గుగా ఉంది. వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

జూన్ 26

గాజు పిన్ను చివర గీరి మూకుట్లో వేశాను. ఏ ముక్కయినా మొదటిసారి వేడి చేసినప్పుడే తన మీద ఏం జరిగిందో చెబుతుంది. ఎంతసేపు అచ్చులో ఉంచారు, ఎంత తొందరగా చల్లార్చారు, అన్నీ. ఒకసారి కరిగిందంటే ఆ కథ చెరిగిపోతుంది, రెండోసారి అడిగితే ఇంకేదో చెబుతుంది. అందుకని ఒకటికి రెండుసార్లు తూకం చూసుకుని మూత నొక్కాను.

పన్నెండు.

కొత్తాయన రెండుసార్లు ఆరబెట్టి, నాలుగు సంతకాలతో పోసినవాటిలోనూ పన్నెండే. ఆరబెట్టడానికీ దీనికీ సంబంధం లేదు. స్ఫటికాలు సరిపోను ఉన్నాయన్న నా మాట తప్ప తడి ఉందనడానికి ఇంకే ఆధారమూ లేదు, ఎప్పుడూ లేదు. ఆ ఆదివారం బాబాయ్ ఫ్యాక్టరీలోనే ఉన్నాడు. గింజల దగ్గర కూర్చుని ఉన్నాడు.

జూన్ 27

మా ల్యాబ్ రిజిస్టర్లో దేన్నీ చెరపకూడదు. తెల్ల ఇంకు పూయకూడదు, కాగితం చింపకూడదు. తప్పు అంకె మీద ఒక్క గీత గీయాలి, అదీ కింద అంకె చదవగలిగేలా. పక్కన సరైన అంకె, సంతకం, తారీఖు. చివర్లో "కారణం" అని ఒక గడి ఉంటుంది. అది నింపకపోతే దిద్దుబాటు చెల్లదు. పై అధికారి కూడా సంతకం పెట్టాలి.

42 మీద గీత గీశాను. 12 అని రాశాను. సంతకం, తారీఖు.

కారణం దగ్గర ఆగిపోయాను. ముందు ఈ డైరీలో రాసి చూసుకుంటున్నాను.

లెక్కలో పొరపాటు. (లెక్క నేను వేస్తే కదా.)

స్క్రీన్ అమరిక వల్ల. (ఛీ.)

పని ఒత్తిడి. (ఆ రోజు ఉన్నది ఆ ఒక్క ముక్కే.)

గడి చిన్నది. పట్టేంతే రాయాలంటే ఇవే పడతాయి. గడి దాటి పక్క ఖాళీలోకి రాశాను. ఏం రాశానో మళ్ళీ ఇక్కడ రాయను, చేతకావడం లేదు.

జూన్ 28

మేనేజరు రిజిస్టరు రెండుసార్లు చదివాడు.

"ఇప్పుడెందుకండీ ఇది? పిన్నులు బాగానే వస్తున్నాయిగా."

"మార్చివి ఎందుకు విరిగాయో తేలింది కదా సార్. అది రాశాను."

"ఇది కదిలిస్తే టైము ఎవరు తగ్గించారన్నది కూడా వస్తుంది." రిజిస్టరు మూసి, "మీకూ మెమో ఇవ్వాల్సొస్తుంది" అన్నాడు.

"ఇవ్వండి."

"ఆయన ప్లేస్‌లో మనిషిని తీసేసుకున్నాం మేడం. ఇప్పుడాయన్ని వెనక్కి తేలేను."

"తెచ్చే సంగతి తర్వాత సార్. ముందు సంతకం పెట్టండి."

"పెట్టకపోతే?"

"మీ గడి ఖాళీగా ఉంటుంది. ఆడిట్‌కొచ్చినవాళ్ళు ముందు చూసేది ఖాళీ గడులే."

ఇంత మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. రిజిస్టరు సొరుగులో పెట్టుకున్నాడు. చూస్తానన్నాడు.

జూన్ 30

చూడలేదు.

జూలై 1

తుమ్ములు నాలుగు. జలుబు చేసినట్టుంది పాపం.

జూలై 3

సంతకం పెట్టాడు. రిజిస్టరు నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. దాని కింద నా మెమో కూడా ఉంది. అందులో అక్షరదోషాలు రెండు ఉన్నాయి, దిద్దాలనిపించింది.

రిజిస్టర్లో ఆ పేజీకి కాపీ తీయించుకున్నాను.

జూలై 6, ఆదివారం

చెల్లికి నేనే మధ్యాహ్నం ఫోన్ చేసి, సాయంత్రం ఇంట్లో ఉండనని చెప్పాను. ఎక్కడికక్కా అని గాభరాపడింది. బాబాయ్ దగ్గరికి అన్నాను. "బట్టలెవరు మడతపెడతారు మరి?" అంది. తర్వాత గొంతు మార్చి, "వెళ్ళిరా అక్కా" అంది.

ప్యాకింగ్ ఆవిడ చెప్పిన గుర్తులతో వెళ్ళాను. తొమ్మిదేళ్ళలో ఆ ఇల్లు చూడటం ఇదే మొదలు. ముందొక చిన్న గది, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి గడియారం. వెనక వంటిల్లు, మధ్యలో తెర. తెర అవతల ఎవరో గిన్నెలు తోముతున్నారు. గిన్నెల మీద కోపం తీర్చుకుంటున్న చప్పుడు.

బాబాయ్ చిక్కాడు. గడ్డం పెరిగింది. ఇప్పుడు ప్లాస్టిక్ బకెట్లు పోసే చోట పనిచేస్తున్నాడట.

"రండి మేడం, కూర్చోండి" అన్నాడు.

దారంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. సంచిలోంచి కాగితం తీసి ఇచ్చాను. పిన్ను కూడా తెచ్చాను, చివర గీరిన పిన్ను. దాన్ని కుర్చీ చేతి మీద పెట్టాను. ఆయన ముందు పిన్ను తీసుకుని, కిటికీ వైపు పెట్టి, వెనక తన వేలు పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

"పన్నెండు బాబాయ్" అన్నాను. "నలభై రెండు కాదు. మీరు ఆరబెట్టారు. గింజలదేం తప్పు లేదు."

"నాకు తెలుసు కదండీ అది. ఆరబెట్టింది నేనే కదా."

కాగితం ఇంకా ఆయన చేతిలో మడత విప్పకుండానే ఉంది. నాకు తిరిగి ఇచ్చేశాడు.

"మీరే చదవండి. నా కళ్ళకి డిగ్రీ లేదు కదా."

కోపంగా అనలేదు. ఎగతాళిగానూ అనలేదు. ఉన్న మాట అన్నట్టు అన్నాడు. చెంప మీద కొట్టినా అంత ఏడుపు వచ్చేది కాదు. ఏడవలేదు. కాగితం విప్పి, గడిలో మొదలై పక్క ఖాళీలోకి పాకిన నా చేతిరాత చదివాను.

"కారణం. పిన్నులు గాజులా ఉన్నాయనీ, చూడమనీ మోల్డింగ్ ఆపరేటర్ ఆ రోజే నాకు చెప్పారు. నేను చూడలేదు. గ్రాఫ్‌లో మూపురం చూశాను, తీసివేయలేదు. ఆయన మీద కోపంలో ఉండి తప్పు అంకె రాశాను. ఆ ఆదివారం గింజలు ఆరబెట్టలేదనడానికి ఏ ఆధారమూ లేదు. తప్పు ల్యాబ్‌ది. నాది."

బాబాయ్ తల వంచుకుని విన్నాడు. తెర వైపు ఒకసారి చూశాడు. గిన్నెల చప్పుడు అలాగే వస్తోంది.

"కాస్త గట్టిగా చదవండి మేడం" అన్నాడు. "వంటింట్లోకి వినపడాలి."

గొంతు పెంచి మళ్ళీ చదివాను. ఆదివారం అన్న మాట దగ్గర ఆపి, "అది ఇంకోసారి" అన్నాడు. ఇంకోసారి చదివాను. గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

ఆవిడ తెర తీసుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది, తడి చేతులతో. నా వైపు చూడలేదు. మొగుడి వైపు చూసింది.

"ఇంత ఉంటే మరి గట్టిగా చెప్పొద్దూ?"

"చెప్పాను కదే" అన్నాడు బాబాయ్. "నీకూ చెప్పాను, ఈవిడకీ చెప్పాను."

ఆవిడ చీర కొంగుతో చేతులు తుడుచుకుని, కాగితం నా చేతిలోంచి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి గడియారం వెనక దోపింది. నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగి లేచాను. బాబాయ్ వీధి చివరిదాకా వచ్చి, బస్సు ఎక్కడ ఆగుతుందో చూపించి వెనక్కి వెళ్ళాడు. మళ్ళీ రమ్మనలేదు. నేనూ వస్తాననలేదు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే తట్టింది. అంతసేపట్లో ఒక్కసారి కూడా అమ్మాయిగారూ అనలేదు.

జూలై 7

మధ్యాహ్నం బెంచీ మీద తిన్నాను. ఒక్కదానికి సరిపడా వండటం ఇంకా రాలేదు. కొత్తాయన ఫోన్ చూసుకుంటున్నాడు. డబ్బా ఆయన వైపు జరిపి, "కూర ఎక్కువైంది, కాస్త వేసుకోండి" అన్నాను.